హైస్కూల్లో ఫ్రెంచి ఇమ్మర్షన్ కొనసాగించాలా, మానిపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, బ్రాంప్టన్‌లో ఉంటున్నారు. మీ అమ్మాయి ఒకటో గ్రేడు నుంచి ఫ్రెంచి ఇమ్మర్షన్‌లో, అంటే కొన్ని సబ్జెక్టులను ఫ్రెంచిలోనే బోధించే తరగతుల్లో, చదివి ఇప్పుడు ఎనిమిదో గ్రేడుకు వచ్చింది. వచ్చే సెప్టెంబరులో హైస్కూల్లో చేరేటప్పుడు ఇమ్మర్షన్‌లోనే ఉంచాలా, మామూలు ఇంగ్లీషు తరగతుల్లోకి మార్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నారు. లెక్కలూ సైన్సూ ఫ్రెంచిలో చదివితే మార్కులు తగ్గి ఇంజినీరింగ్ సీటు చేజారుతుందేమోనన్నది మీ మొదటి భయం. ఇంట్లో ఎవరికీ ఫ్రెంచి రాదు కాబట్టి పెద్ద తరగతుల్లో సాయం చేయలేమన్నది రెండోది. ఇన్నేళ్లు చదివినా అమ్మాయి ఫ్రెంచిలో ధారాళంగా మాట్లాడగా మీరెన్నడూ వినలేదన్నది, మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన మూడో సంగతి. హైదరాబాదులో ఫ్రెంచి చదువుకొని వచ్చి, ఒంటారియోలోని ఇంగ్లీషు బోర్డుల హైస్కూళ్లలో ఇమ్మర్షన్ పిల్లలకు ఫ్రెంచినీ, ఫ్రెంచిలో చరిత్రనూ చాలా ఏళ్లు బోధించినవాడిగా చెబుతున్నాను: మీరు ఆలోచించవలసింది ఆ మూడో సంగతి గురించే. మొదటి భయానికి సమాధానం మీరనుకున్నంత చిక్కుగా ఉండదు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి, ఎందుకంటే మనవాళ్ల మాటల్లో ఇది తరచుగా వినిపిస్తుంది. ఇమ్మర్షన్ వేరు, ఫ్రెంచి బడి వేరు. ఒంటారియోలో ప్రభుత్వ బడులను నడిపే బోర్డుల్లో 12 ఫ్రెంచి భాషా బోర్డులు ఉన్నాయి. కెనడా రాజ్యాంగంలో భాగమైన 1982 నాటి హక్కులు, స్వేచ్ఛల చార్టర్‌లోని 23వ సెక్షన్ ఫ్రెంచి కుటుంబాలకు ఇచ్చిన హక్కు ఆ బోర్డులకు ఆధారం; అక్కడ బడి మొత్తం ఫ్రెంచిలో నడుస్తుంది, ఆఫీసులోనూ వరండాలోనూ ఫ్రెంచే వాడాలని ఆశిస్తారు, ఆ హక్కు లేని కుటుంబాల పిల్లలు అడ్మిషన్ కమిటీ ద్వారా చేరవలసి ఉంటుంది. ఇమ్మర్షన్ మాత్రం ఇంగ్లీషు బోర్డు తన పిల్లలకోసం నడిపే కార్యక్రమం. 1965లో మాంట్రియల్ పక్కనే ఉన్న సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో, తమ పిల్లలకు బడిలో నేర్పుతున్న ఫ్రెంచి ఎందుకూ చాలడం లేదని పట్టుబట్టిన ఇంగ్లీషు తల్లిదండ్రులు, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోని మనస్తత్వవేత్త వాలెస్ లాంబర్ట్, మెదడు శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ వంటివారి సలహా తీసుకొని, కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో బోధించే తరగతి ఒకటి పెట్టించారు. నేడు దేశమంతటా ఉన్న ఇమ్మర్షన్‌కు మూలం అదే. అంటే ఇది మొదటినుంచీ ఇంట్లో ఫ్రెంచి రాని పిల్లలకోసం, ఫ్రెంచి రాని తల్లిదండ్రులు అడిగి సాధించుకున్న చదువు. మీ రెండో భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇక హైస్కూలు లెక్క. ఒంటారియో నిబంధనల ప్రకారం ఇమ్మర్షన్ విద్యార్థి ఎనిమిదో గ్రేడు ముగిసేనాటికి కనీసం 3,800 గంటలు ఫ్రెంచిలో చదివి ఉండాలి. ఫ్రెంచిని ఒక సబ్జెక్టుగా మాత్రమే చదివే మామూలు కోర్ ఫ్రెంచి పిల్లలకు ఆ సంఖ్య 600. హైస్కూల్లో ఇమ్మర్షన్ సర్టిఫికెట్ రావాలంటే నాలుగేళ్లలో పది క్రెడిట్లు ఫ్రెంచిలో చేయాలి. అందులో నాలుగు, ఏడాదికొకటి చొప్పున, ఫ్రెంచి భాషా కోర్సులు. మిగతా ఆరు ఫ్రెంచిలో బోధించే వేరే సబ్జెక్టులు. ఒక్కో క్రెడిట్ 110 గంటలు. హైస్కూలు డిప్లొమాకు మొత్తం 30 క్రెడిట్లు కావాలి కాబట్టి, ఇమ్మర్షన్‌లో ఉన్న పిల్ల కూడా హైస్కూలు చదువులో మూడింట రెండు వంతులు ఇంగ్లీషులోనే చదువుతుంది. ఇంగ్లీషు భాషా కోర్సులు నాలుగూ అందరితోపాటే చేస్తుంది, పదో గ్రేడులో అక్షరాస్యత పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తుంది. ‘ఫ్రెంచి వల్ల ఇంగ్లీషు పాడవుతుంది’ అన్న మాటను ఇంతటితో పక్కన పెట్టవచ్చు. సెయింట్ లాంబర్ట్ పిల్లలు కూడా మొదటి తరగతుల్లో ఇంగ్లీషు చదవడంలో కొంత వెనకబడి, బడిలో ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యాక తోటివారిని అందుకున్నారు.

ఇప్పుడు మూడో సంగతి. మీ అమ్మాయి ఫ్రెంచిలో మాట్లాడకపోవడం ఆమె ఒక్కదాని లోపం కాదు; అది ఇమ్మర్షన్ పద్ధతికే తెలిసిన లోపం. టొరంటోలోని ఒంటారియో విద్యా పరిశోధన సంస్థలో పనిచేసిన మెరిల్ స్వెయిన్, ఇమ్మర్షన్ పిల్లలను పరిశీలించి, విని అర్థం చేసుకోవడంలోనూ చదవడంలోనూ వారు ఫ్రెంచి మాతృభాషగా గల పిల్లలకు దగ్గరగా ఉన్నా, మాట్లాడటంలోనూ రాయడంలోనూ స్పష్టంగా వెనకబడే ఉన్నారని 1985లో రాశారు. ఆమె చూపిన కారణం సూటిగా ఉంటుంది: ఆ పిల్లలు రోజంతా ఫ్రెంచి వింటున్నారు గాని, తమ నోటితో పూర్తి వాక్యాలు కట్టవలసిన అవసరం వారికి చాలా తక్కువగా వస్తోంది. తరగతిలో టీచరు అయిదు నిమిషాలు ఫ్రెంచిలో వివరిస్తారు, పిల్లవాడు ‘ఉయ్’ (అవును) అనో, ఒక్క మాటలోనో జవాబిస్తాడు, పక్కవాడివైపు తిరగగానే ఇంగ్లీషు మొదలవుతుంది. ఎనిమిదేళ్లు ఇలా గడిచాక, పాఠం పూర్తిగా అర్థమయ్యే పిల్లలే ‘నాకు పద్నాలుగేళ్లు’ అని చెప్పవలసి వస్తే ఇంగ్లీషు వాక్యాన్ని ఎత్తుకొచ్చి ‘జ్ స్వీ కతోర్జ్ ఆఁ’ అంటారు. ‘వెళ్లాడు’ అనడానికి ‘ఇల్ ఎ అలే’ అనవలసిన చోట ‘ఇల్ ఆ అలే’ అంటారు. తొమ్మిదో గ్రేడు మొదటి వారంలో నాకు ఏటా వినిపించిన తప్పులివి.

హైస్కూల్లో ఇది మారవచ్చు. మారుతుందని కాదు, మారవచ్చు. ఎందుకంటే పై తరగతుల్లో ఫ్రెంచి పని స్వభావం వేరు. పదో గ్రేడు చరిత్రలో రెండో ప్రపంచయుద్ధకాలపు నిర్బంధ సైనిక సేవకు ఫ్రెంచివారు ఎక్కువగా ఉండే క్విబెక్ రాష్ట్రం ఎందుకు ఎదురుతిరిగిందో ఫ్రెంచిలో రెండు పేజీలు రాయాలి, రాసినదాన్ని తరగతి ముందు నిలబడి సమర్థించుకోవాలి. పదకొండు, పన్నెండు గ్రేడుల భాషా కోర్సుల్లో నవలా నాటకమూ చదివి, వాటిమీద వాదం నడపాలి. అక్కడ ‘ఉయ్’ సరిపోదు. అర్థమయ్యే భాష చేతికీ నోటికీ వచ్చే భాషగా మారేది ఈ నాలుగేళ్లలోనే, అది కూడా ఆ పని నిజంగా చేయించే బడిలోనే. కాబట్టి ఎనిమిదో గ్రేడు తర్వాత మానిపించడమంటే, కష్టమైన భాగం చాలావరకు పూర్తిచేసి, ఫలితం రాబోయే చోట ఆగిపోవడమని నా అభిప్రాయం. ఇంటర్మీడియట్‌లో మార్కులకోసం సంస్కృతాన్నో ఫ్రెంచినో రెండో భాషగా తీసుకొని, నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకొని, ఒక్క వాక్యం మాట్లాడలేకుండా బయటపడిన తరం మనది. భాషకు మార్కులతో తప్ప వేరే సంబంధం ఉంటుందని మనకు నమ్మకం తక్కువ. ఆ అలవాటుతో ఈ నిర్ణయం తీసుకోవద్దని మనవి.

లెక్కల గురించి. మొదట తెలుసుకోవలసింది, ఇమ్మర్షన్‌లో కొనసాగాలంటే హైస్కూల్లో లెక్కలు ఫ్రెంచిలో చదవాలన్న నియమమేదీ లేదు. ఆ ఆరు సబ్జెక్టులు ఏవన్నది, బడి ఏవి ఫ్రెంచిలో నడుపుతుందన్నదాన్నిబట్టి ఉంటుంది. కొన్ని బడులు తొమ్మిదో గ్రేడు లెక్కలూ సైన్సూ ఫ్రెంచిలో చెబుతాయి, చాలా బడులు భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, వ్యాయామ విద్య వంటివి చెబుతాయి. పదకొండు, పన్నెండు గ్రేడుల ఫిజిక్సు, కెమిస్ట్రీ, కాలిక్యులస్ ఇంగ్లీషులో చదువుతూనే ఇమ్మర్షన్ సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. ఒకవేళ మీ అమ్మాయి తొమ్మిదో గ్రేడు లెక్కలు ఫ్రెంచిలో చదివి, పదో గ్రేడులో ఇంగ్లీషుకు మారినా కంగారు పడవలసిన పని లేదు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరినవారిని మీరు చూసే ఉంటారు: వర్గమూలం పేరు మారింది గాని వర్గమూలం మారలేదు, కొన్ని వారాలు పదాల దగ్గర తడబడి తర్వాత సర్దుకున్నారు. ఒక భాషలో పట్టుబడిన భావన రెండో భాషలోకి నడిచి వస్తుందన్నదాన్ని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే సిద్ధాంతంగా ప్రతిపాదించారు. అయితే తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి పాఠ్యపుస్తకం మొత్తం ఒక్కసారిగా మారింది. మీ అమ్మాయికి ఇంగ్లీషు ఎటూ బలంగానే ఉంది. లెక్కల్లోనే ఇబ్బంది పడుతున్న పిల్లకు మాత్రం భాష కూడా బరువు కావచ్చు. అలాంటప్పుడు లెక్కలు ఇంగ్లీషులో తీసుకొని, ఇమ్మర్షన్ క్రెడిట్లను మరో సబ్జెక్టులో చూసుకోవడం తెలివైన పని.

ఇంజినీరింగ్ సీటు విషయానికి వస్తే, ఒంటారియో విశ్వవిద్యాలయాలు పన్నెండో గ్రేడులోని ఆరు విశ్వవిద్యాలయ స్థాయి కోర్సుల మార్కులు చూస్తాయి. ఇంజినీరింగ్‌కు సాధారణంగా ఇంగ్లీషు, అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, కాలిక్యులస్ అండ్ వెక్టర్స్, ఫిజిక్సు, కెమిస్ట్రీ తప్పనిసరి. అవి అయిదు. ఆరోది విద్యార్థి ఇష్టం. పన్నెండో గ్రేడు ఇమ్మర్షన్ ఫ్రెంచి విశ్వవిద్యాలయ స్థాయి కోర్సే కాబట్టి ఆ ఆరో స్థానంలో చక్కగా కూర్చుంటుంది. అందులో మార్కులు బాగా రాకపోతే వేరే విశ్వవిద్యాలయ స్థాయి కోర్సు మార్కు ఆ స్థానంలోకి వస్తుంది. అంటే ఫ్రెంచి సీటుకు అడ్డం పడే మార్గం నాకు కనిపించదు. అడ్డం పడేది టైంటేబుల్. ఏడాదికి ఎనిమిది గళ్లు, అందులో సైన్సు కోర్సులన్నీ పెట్టాక ఫ్రెంచి సబ్జెక్టులకు పై తరగతుల్లో పెద్దగా చోటు ఉండదు. అందువల్ల ఎప్పుడో ఒకప్పుడు చేయక తప్పని కోర్సులను కింది తరగతుల్లోనే ఫ్రెంచిలో పూర్తిచేయాలి. తొమ్మిదిలో ఫ్రెంచి భాష, కెనడా భూగోళం, దానితోపాటు సైన్సో వ్యాయామ విద్యో. పదిలో ఫ్రెంచి భాష, కెనడా చరిత్ర, అర క్రెడిట్ చొప్పున పౌరశాస్త్రం, కెరీర్ స్టడీస్. ఇలా చేస్తే పదో గ్రేడు ముగిసేసరికి ఆరింటిలో నాలుగు సబ్జెక్టులు అయిపోతాయి. మిగిలిన రెండు, పదకొండులో ఒకటి పన్నెండులో ఒకటి, ఏ సామాజిక శాస్త్రమో తీసుకొని ముగించవచ్చు. తొమ్మిదిలో ఒక్క సబ్జెక్టుతో సరిపెట్టుకొని తర్వాత చూద్దామనుకున్న సైన్సు పిల్లలు పదకొండులో ఇరుక్కుంటారు.

అయితే ఈ ప్రణాళిక అంతా ఒక షరతుమీద ఆధారపడి ఉంది: ఆ కోర్సులు ఆ బడిలో నిజంగా నడవాలి. ఒంటారియోలో ఫ్రెంచి బోధించగల టీచర్ల కొరత చాలా కాలంగా ఉంది. లెక్కలో, సైన్సో తెలిసి దాన్ని ఫ్రెంచిలో చెప్పగలిగేవారు మరీ తక్కువ. పై తరగతులకు వచ్చేసరికి ఇమ్మర్షన్ పిల్లల సంఖ్య తగ్గిపోయి, పదకొండు, పన్నెండు గ్రేడుల భాషా కోర్సులను ఒకే గదిలో కలిపి నడపడమూ, పుస్తకంలో ఉన్న కోర్సును ఆ ఏడు రద్దుచేయడమూ జరుగుతుంటాయి. ఓపెన్ హౌస్ రోజున బడివాళ్లు పంచే కాగితంలో కోర్సుల జాబితా అందంగా ఉంటుంది. దాన్ని చూసి నిర్ణయించకండి. గైడెన్స్ కౌన్సిలర్‌ను నేరుగా అడగండి: గత రెండేళ్లలో పదకొండు, పన్నెండు గ్రేడులలో ఏయే సబ్జెక్టులు ఫ్రెంచిలో వాస్తవంగా నడిచాయి? వాటిని చెప్పినవారు ఇంకా ఇక్కడే ఉన్నారా? తొమ్మిదిలో చేరినవారిలో ఎంతమంది పన్నెండులో సర్టిఫికెట్‌తో బయటకు వెళ్లారు? ఈ మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే బడి మంచి బడి. జవాబులు నిరాశపరిస్తే, సర్టిఫికెట్ ఆశ వదులుకొని అయినా నాలుగు ఇమ్మర్షన్ భాషా కోర్సులు మాత్రం వదలవద్దంటాను. ఆ కాగితాన్ని బయట అడిగేవారు పెద్దగా లేరు, భాషను అడిగేవారు ఉన్నారు.

అలా అడిగేవాటిలో మొదటిది డెల్ఫ్. ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే ఈ డిప్లొమాకు పన్నెండో గ్రేడు ఇమ్మర్షన్ పిల్లలు సాధారణంగా బి2 స్థాయికి (ఎ1 నుంచి సి2 వరకు ఉన్న ఆరు భాషా స్థాయిల్లో నాలుగోది) కూర్చుంటారు. ఒంటారియోలో చాలా బోర్డులు తామే ఈ పరీక్ష పెట్టిస్తాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తంమీద 50 రావాలి, ఏ ఒక్కదానిలోనూ 5కు తగ్గకూడదు. మొదటి రెండింటిలో ఇమ్మర్షన్ పిల్లలు ఇబ్బంది పడరు. ఒక చిన్న వ్యాసం చదివి, అందులోని సమస్యమీద తన అభిప్రాయం చెప్పి, పరీక్షకుల ఎదురు ప్రశ్నలకు నిలబడవలసిన మౌఖిక భాగమే వారిని ఇబ్బంది పెడుతుంది. ఒకసారి వచ్చిన డిప్లొమాకు గడువు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2023 నుంచి, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, ఫ్రెంచి వచ్చినవారికి ప్రత్యేక ఎంపికలు మొదలయ్యాక, మనవాళ్లలో ఇమ్మర్షన్‌పట్ల ఆసక్తి హఠాత్తుగా పెరిగింది. ఆ దరఖాస్తుకు చెల్లేవి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా అనే పరీక్షలు మాత్రమే. డెల్ఫూ చెల్లదు, ఇమ్మర్షన్ సర్టిఫికెట్టూ చెల్లదు. మీరు వర్క్ పర్మిట్‌మీద ఉండి, అమ్మాయి పెద్దయ్యాక సొంతంగా దరఖాస్తు చేసుకోవలసివస్తే, ఇమ్మర్షన్‌లో వచ్చిన భాష ఆ పరీక్షకు పనికివస్తుంది, అంతే.

చదువు, ఉద్యోగాల వైపు చూస్తే, ఒట్టావా విశ్వవిద్యాలయం 2006 నుంచి ఇమ్మర్షన్ పిల్లలకోసం ప్రత్యేక విభాగం నడుపుతోంది. అందులో చేరినవారు తమ డిగ్రీలో కొన్ని కోర్సులు ఫ్రెంచిలో చదువుతారు. మొదట్లో వాటిని సగటు మార్కులమీద ప్రభావం పడకుండా ఉత్తీర్ణత గుర్తుతో మాత్రమే నమోదు చేయించుకునే వీలుంది. టొరంటోలో యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్లెండన్ కాలేజీ రెండు భాషల్లోనూ నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ద్విభాషా పదవులకు చదవడం, రాయడం, మాట్లాడటం మూడింటినీ ఎ, బి, సి స్థాయిల్లో పరీక్షిస్తారు. ఇక్కడా పిల్లలు ఆగేది మాట్లాడే పరీక్ష దగ్గరే. ఇంజినీరు కాబోయే పిల్లకు ఇదంతా అవసరమా అంటే, టొరంటోలో స్థిరపడి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారికి ఫ్రెంచి లేకపోయినా గడిచిపోతుంది. ఒట్టావా, మాంట్రియల్ వైపు వెళ్లదలచుకుంటే గడవదు. పద్నాలుగేళ్ల పిల్ల ఏ ఊరు వెళుతుందో మనం ఇప్పుడే తేల్చలేము.

ఇంట్లో ఫ్రెంచి లేదన్న విచారం గురించి. హోంవర్కులో మీరు సాయపడలేరన్నది నిజమే, కాని పన్నెండో గ్రేడు కాలిక్యులస్‌లో సాయపడగలిగే తల్లిదండ్రులు ఇంగ్లీషు తరగతుల్లోనూ ఎందరున్నారు? మీరు చేయగలిగింది వేరే ఉంది. సాయంత్రం ఆమె చరిత్ర పాఠాన్ని మీకు తెలుగులో చెప్పమనండి. ఫ్రెంచిలో చదివినదాన్ని తెలుగులో చెప్పగలిగితే అర్థమైనట్టే, మధ్యలో తడబడితే ఎక్కడ అర్థం కాలేదో ఆమెకే తెలుస్తుంది. కుటుంబంలో పెద్దలను మీరు అని పిలిచే అలవాటు కూడా ఆమెకు లాభమే: ఇమ్మర్షన్ పిల్లలు పెద్దవారితోనూ ‘నువ్వు’లాంటి చనువు రూపమే వాడేస్తారని పరిశోధకులు గమనించిన లోపం, గౌరవ రూపం ఇంట్లోనే వినే మన పిల్లల్లో నాకు తక్కువగా కనిపించింది. ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషు పెంచితే ఫ్రెంచికి మేలన్న సలహా ఎవరైనా ఇస్తే వినవద్దు. ఫ్రెంచి ట్యూషన్లకు డబ్బు పోయడంకన్నా, టీఎఫ్ఓ, రేడియో కెనడా అనే ఫ్రెంచి ప్రసార సంస్థల కార్యక్రమాల్లో ఆమెకు నచ్చినవి, అది హాకీ అయినా సరే, అలవాటు చేయడం మేలు. పదహారేళ్లు నిండాక ‘ఎక్స్‌ప్లోర్’ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనంతో వేసవిలో అయిదు వారాలు క్విబెక్‌లాంటి చోట ఉండి ఫ్రెంచిలోనే గడిపే అవకాశం ఉంది. ఇన్నేళ్లలో నేను చూసిన మార్పుల్లో పెద్దవి ఆ అయిదు వారాల తర్వాత వచ్చినవే. ఒంటరిగా పంపడానికి మనసొప్పదని చాలామంది మన తల్లిదండ్రులు ఆ దరఖాస్తు కాగితం పక్కన పెట్టేస్తారు. మీరు పెట్టకండి.

కొనసాగించవద్దని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. ఆ పిల్లకే ఫ్రెంచి అంటే విముఖత ఏర్పడి, బలవంతంగా నెట్టుకొస్తున్నట్టయితే, హైస్కూల్లో మరో నాలుగేళ్లు నెట్టడం వల్ల వచ్చేది ఏమీ ఉండదు. ఇమ్మర్షన్ బడి దూరమై రోజూ రెండు బస్సులు మారవలసివస్తే, నిద్రా ఆటా రెండూ పోతాయి. చదవడంలోనో రాయడంలోనో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో మాత్రం తొందరపడకండి. ‘ఇంగ్లీషులోకి మార్చేయండి’ అన్నది బడులు అలవాటుగా ఇచ్చే సలహా. అదే ఇబ్బంది ఇంగ్లీషులోనూ ఉంటే మార్పువల్ల తీరేదేమీ లేదు, కాబట్టి అలాంటి పిల్లకోసం బడి తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఇమ్మర్షన్‌లోనే అమలవుతుందా అని ముందు అడగాలి.

మానిపించదలచుకున్నా, తొమ్మిదో గ్రేడులో తప్పనిసరి ఫ్రెంచి క్రెడిట్ ఒకటి ఎటూ ఉంటుంది. దాన్ని కోర్ ఫ్రెంచిలో తీసుకొని సులువుగా మార్కులు తెచ్చుకోవచ్చునని కొందరు చెబుతారు. ఇమ్మర్షన్ నుంచి కోర్‌కు ఎప్పుడైనా దిగవచ్చు, కోర్ నుంచి ఇమ్మర్షన్‌కు మళ్లీ ఎక్కడం చాలా కష్టం. కాబట్టి సందేహంలో ఉంటే తొమ్మిదో గ్రేడు ఇమ్మర్షన్‌లో చేరి, ఒక సెమిస్టరు చూసి నిర్ణయించుకోవడం మంచిది. కోర్సుల ఎంపిక కాగితాలు శీతాకాలంలోనే నింపించుకుంటారు. ఈలోగా బడికి వెళ్లి నేను పైన చెప్పిన ప్రశ్నలు అడగండి, బస్సు సౌకర్యం గురించి కూడా అప్పుడే కనుక్కోండి. ఎనిమిదో గ్రేడు వరకు ఇమ్మర్షన్ పిల్లలకు బస్సు నడిపిన బోర్డు, హైస్కూల్లో నడుపుతుందని అనుకోవద్దు.